మా ఇంటికి రావడానికి వీసా

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి రావడానికి నేను ఇప్పటికి చాలాసార్లు వీసా ఫారం నింపాను. ప్రతిసారీ ఒక ప్రశ్న దగ్గర చెయ్యి ఆగుతుంది. సైన్యంలో గానీ, పోలీసు శాఖలో గానీ, భద్రతా సంస్థల్లో గానీ ఎప్పుడైనా పనిచేశారా అని అడుగుతారు. అవును అని నొక్కితే కింద ఇంకొన్ని గళ్లు తెరుచుకుంటాయి. సంస్థ: అమెరికా ఆర్మీ. హోదా: లారీ డ్రైవరు. పనిచేసిన చోటు: కాందహార్.

2012లో మొదటిసారి నింపినప్పుడు ఇంకో ప్రశ్న కూడా తగిలింది. గత మూడేళ్లలో సార్క్ దేశాలు వేటికైనా వెళ్లారా అని. అఫ్గానిస్తాన్ 2007 నుంచి సార్క్‌లో ఉందన్న సంగతి నాకు ఆ ఫారం వల్లే తెలిసింది. వెళ్లానండీ. ఎన్నిసార్లు అంటే ఒక్కసారే. కాకపోతే ఆ ఒక్కసారీ పన్నెండు నెలలు.

చుట్టాల పిల్లలు ఎవరైనా అమెరికా బయల్దేరుతుంటే వాళ్ల అమ్మానాన్నలు ఇప్పటికీ నన్ను పిలిపించి, "ఆ మిలిటరీ దారి ఎట్టా ఉంటదో చెప్పు బాబూ" అంటారు. చెప్పిందే చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. అందుకే ఒకసారి రాసి పెడుతున్నాను.

మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. సీజన్‌లో తెల్లారకముందే వెళ్లేవాడు. సాయంత్రం వచ్చి చొక్కా విప్పి దండెం మీద వేశాడంటే ఇంట్లో అందరికీ తుమ్ములే. టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్క రాసీ రాసీ ఆయన వేళ్ల సందుల్లో కూడా కారం ఉండేది. చిన్నప్పుడు అన్నం కలిపి ముద్ద పెడతానంటే నాయనమ్మ ఊరుకునేది కాదు, "కళ్లల్లో పడుద్ది, అటు జరుగు" అని తనే పెట్టేది. నన్ను పెంచింది ఆమే. అమ్మ మిషను కుట్టేది, తీరిక ఉండేది కాదు.

బీటెక్ అయ్యాక బ్యాంకు లోను కొంత, నాన్న పనిచేసే కొట్టు షావుకారు దగ్గర కొంత తీసుకుని 2006 ఆగస్టులో ఎంఎస్ చదవడానికి న్యూజెర్సీ వెళ్లాను. 2008 మే నెలలో చదువు పూర్తయింది. జూన్‌లో చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఆ పేరు నేను అంతకుముందు విన్లేదు కూడా. జనవరికల్లా నా ఉద్యోగం పోయింది. చదువు తరవాత ఇచ్చే ఏడాది గడువులో అన్నీ కలిపి 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదని రూలు. ఐదుగురం ఉండే అపార్ట్‌మెంటులో ఫ్రిజ్ తలుపు మీద క్యాలెండరు పెట్టుకుని నేను రోజులు కొట్టేసుకుంటూ కూర్చున్నాను. ఇండియాకి తిరిగొస్తే ఇక్కడి జీతంతో ఆ లోను తీరేది కాదు. షావుకారు ఏమీ అనేవాడు కాదు గానీ, నాన్న రోజూ ఆయన మొహం చూడాలి.

ఆ ఫిబ్రవరిలోనే న్యూయార్క్‌లో ఆర్మీ ఒక కొత్త పథకం మొదలుపెట్టింది. దాని పేరు మావ్‌ని. మామూలుగా అమెరికా ఆర్మీలో చేరాలంటే కనీసం గ్రీన్ కార్డు ఉండాలి. ఈ పథకంలో వీసా మీద చట్టబద్ధంగా రెండేళ్లు ఉన్నవాళ్లనీ తీసుకుంటారు. డాక్టర్లు, నర్సులు కావాలి, లేదంటే వాళ్లకి అవసరమైన భాషల్లో ఒకటి వచ్చి ఉండాలి. బదులుగా పౌరసత్వం, అదీ గ్రీన్ కార్డు మెట్టు లేకుండా. భాషల జాబితాలో హిందీ ఉంది.

నా హిందీ ఎక్కడిదంటే, బ్రాడీపేటలో ఒక మాస్టారి ఇంటి వరండాలో నేర్చుకున్న ప్రచార సభ హిందీ. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష. సెలవుల్లో క్రికెట్ ఆడనివ్వకుండా అమ్మ పంపించిన ట్యూషను అది. ఫోన్‌లో ఇంటర్వ్యూ చేసినాయన వార్తల గురించీ, రైతుల కష్టాల గురించీ అడిగాడు. నేను వ్యాసరచన పరీక్షకి బట్టీ పట్టిన వాక్యాలన్నీ అప్పజెప్పాను. పాసయ్యాను. ఆ మాస్టారికి ఈ కబురు చెప్పే అవకాశం మాత్రం నాకు రాలేదు.

రాత పరీక్షలో మార్కులు బాగానే వచ్చాయి. కంప్యూటర్ల పనిలో వేస్తారనుకున్నాను. అదెలా కుదురుతుంది? ఆ ఉద్యోగాలకి సెక్యూరిటీ క్లియరెన్సు కావాలి, అది పౌరులకే ఇస్తారు. నాకు పౌరసత్వం రావాలంటే ముందు చేరాలి, చేరేటప్పుడే పని ఎంచుకోవాలి. క్లియరెన్సు అక్కర్లేని పనుల్లో మిగిలినవి వంట, పెట్రోలు, సరుకుల లెక్క, లారీ. లారీ అన్నాను. డిగ్రీ ఉంది కాబట్టి కింది మెట్టు కాకుండా స్పెషలిస్టు ర్యాంకుతో తీసుకున్నారు. చెప్పుకోవడానికి బాగుంటుంది, స్టీరింగ్ మాత్రం అదే.

ముందు నాన్నకే చెప్పాను. ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఎంఎస్ చదివి లారీ ఎక్కుతావంట్రా? ఆ మాట ముందే చెప్తే యార్డులో నేనే నేర్పించేవాణ్ణి కదా, ఇంత అప్పెందుకు?" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. అమ్మకి మాత్రం ఆర్మీవాళ్ల ఆఫీసులో ఉద్యోగమని చెప్పాం. చుట్టాలకి కంప్యూటర్ ఉద్యోగమన్నాం. ఆ అబద్ధం రెండేళ్లు నడిచింది.

2009 ఆగస్టులో సౌత్ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌లో దింపారు. శిక్షణ పది వారాలు. దాని గురించి సినిమాల్లో చూసే ఉంటారు, అరుపులు, బురద, నిద్ర లేకపోవడం, అన్నీ నిజమే, అంతకు మించి ఏమీ లేదు. నాకు వింతగా అనిపించింది పేరు. చొక్కా మీద ఇంటిపేరు కుట్టిస్తారు. పెళ్లి శుభలేఖ మీదా, రేషన్ కార్డు మీదా తప్ప ఎప్పుడూ కనిపించని మా ఇంటిపేరుతో పొద్దుణ్నుంచి రాత్రిదాకా నన్ను తిట్టేవాళ్లు. అదీ సగమే పలికేవాళ్లు. మా వంశం మొత్తాన్నీ తిడుతున్నట్టుండేది.

శిక్షణ చివర్లో, యూనిఫాంలోనే, ఒక హాల్లో నిలబెట్టి పౌరసత్వ ప్రమాణం చేయించారు. ఫీజు కూడా లేదు. నా పక్కన కొరియా కుర్రాడు, అటుపక్క నేపాల్ వాడు, వెనక కెన్యా నుంచి వచ్చిన నర్సు. ఇంతవరకూ నేను ఏ విదేశీ రాజుకి, పాలకుడికి, రాజ్యానికి విధేయుడిగా ఉన్నానో ఆ విధేయత అంతా వదులుకుంటున్నానని చెప్పాలి. నోటితో చెప్పేశాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు మధ్యాహ్నం ఫోన్ ఇస్తారా ఇవ్వరా అన్నదే టెన్షన్. ఇండియా చట్టం ప్రకారం, ఇంకో దేశపు పౌరసత్వం మనం కోరి తీసుకున్న నిమిషానే మన పౌరసత్వం పోతుంది. ఎవరూ ఉత్తరం రాయరు, నోటీసు రాదు. తరవాత ఎప్పుడో పాస్‌పోర్టు అప్పగిస్తే రద్దయినట్టు ముద్ర వేసి తిరిగిస్తారు, ఒక సర్టిఫికెట్ ఇస్తారు. ఆ సర్టిఫికెట్ జాగ్రత్తగా దాచుకోండి. ఇండియా వీసాకి వెళ్లినప్పుడు మొదట అడిగేది అదే.

ఇంకో మాట కూడా చాలామందికి తెలియదు. అట్లా వచ్చిన పౌరసత్వం గట్టిపడటానికి ఐదేళ్లు సక్రమంగా పనిచేసి ఉండాలి. ఈలోపు చెడ్డపేరుతో బయటికి పంపించేస్తే దాన్ని వెనక్కి తీసుకునే వీలుంది. కాబట్టి మేం మావ్‌నివాళ్లం అందరికంటే వినయంగా ఉండేవాళ్లం. సార్జెంట్లు దాన్ని క్రమశిక్షణ అనుకునేవాళ్లు.

2011 మార్చిలో కాందహార్ వెళ్లాం. అమ్మకి ఇక చెప్పక తప్పలేదు. "కాందహారంటే, మన విమానాన్ని హైజాక్ చేసి తీసుకెళ్లిన ఊరేనా?" అంది. 1999 డిసెంబర్లో ఆ వారమంతా టీవీ ముందు కూర్చున్న ఇల్లు మాది. నాయనమ్మ మాత్రం, "గాంధారి పుట్టిల్లు అది, శకుని ఊరు. ఎవరన్నా పాచికలాటకి పిలిస్తే కూర్చోమాకు" అంది. నేను వెళ్లేముందు నాకు దొరికిన భద్రతా సలహాల్లో ఆచరించగలిగింది అదొక్కటే.

యుద్ధం గురించి అడిగేవాళ్లందరికీ నిరాశే. ఎక్కువ భాగం ఎదురుచూపు, టైర్లు మార్చడం, దుమ్ము. బేస్‌లోనే మురుగునీటి చెరువు ఒకటుండేది, గాలి తిరిగితే భోజనం సహించేది కాదు. రాకెట్ల సైరన్ మోగితే ఎక్కడున్నవాళ్లం అక్కడే బోర్లా పడుకోవాలి. నాకు మాత్రం ఆ ఏడాదిలో బాగా గుర్తుండిపోయింది లారీల వాళ్లు.

మా సరుకులో చాలా భాగం కరాచీ రేవులో దిగి, చమన్ సరిహద్దు దాటి, అక్కడివాళ్ల లారీల్లో కాందహార్ వచ్చేది. ఆ లారీలకి ముందూ పక్కలా గొలుసులు వేలాడుతూ గలగలమంటుంటాయి. అందుకే మావాళ్లు జింగిల్ ట్రక్కులనేవాళ్లు. లారీ అంతా రంగులు, పూలు, పులులు, కళ్లు. మన లారీల వెనక రాతలు గుర్తొచ్చేవి. ఆ డ్రైవర్లలో చాలామంది యుద్ధాల వల్ల క్వెట్టాలోనో కరాచీలోనో పెరిగినవాళ్లు, ఉర్దూ వచ్చు. గేటు బయట తనిఖీ కోసం రోజుల తరబడి నిలబడేవాళ్లు. కాగితాల్లో తేడా వస్తే దుబాసీ దొరకనప్పుడు నన్ను పిలిచేవాళ్లు. నా రాష్ట్రభాష హిందీకి వాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. ఒక పెద్దాయన, "నువ్వు రేడియోలా మాట్లాడతావు" అన్నాడు. ఏ ఊరని అడిగాడు. హిందుస్తాన్, దక్షిణాన, మిరపకాయల ఊరు అన్నాను. మరి ఈ బట్టలేంటి అని నా యూనిఫాం పట్టుకుని చూశాడు. అప్పుల సంగతి చెప్పాను. ఆ ఒక్కటీ వెంటనే అర్థమైంది ఆయనకి.

ఆ ఏడాది మే 2న బిన్ లాడెన్‌ని చంపారని తెలిసినప్పుడు, ఇంక ఇంటికేనా అని కుర్రాళ్లు గంతులేశారు. మర్నాడు పొద్దున మామూలుగానే కాన్వాయ్ బయల్దేరింది.

జూలైలో మా ముందు వెళ్తున్న బండి కింద మందుపాతర పేలింది. ఆ బండి నడుపుతున్నవాడిది హైతీ. కాలు విరిగింది, బతికాడు. నాకు దెబ్బ తగల్లేదు. ఎడమ చెవిలో మాత్రం ఆ రోజు ఒక కీచురాయి దూరింది, ఇప్పటికీ పోలేదు. దాని మీద ఇంతకంటే రాయను.

అమ్మ సంగతి రాస్తాను. అక్కడ మావాళ్లు ఎవరైనా చనిపోతే, ఆ కుటుంబానికి అధికారికంగా కబురు అందేదాకా బేస్‌లో ఫోన్లు, ఇంటర్నెట్టు కట్ చేసేస్తారు. ముందుగా ఫేస్‌బుక్‌లో చూసి తెలుసుకునే గతి ఎవరికీ పట్టకూడదని. నేను ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఫోన్లు ఎప్పుడెప్పుడు ఆగుతున్నాయో చూసుకుని అమ్మే కనిపెట్టేసింది. రెండు రోజులు నా దగ్గర్నుంచి ఫోన్ లేకపోతే దేవుడి దగ్గర దీపం పెట్టి కూర్చునేదట. మూడో రోజు నా గొంతు వినగానే తను మొదట అడిగేది నా క్షేమం కాదు. "ఎవరి పిల్లాడు?" అనేది.

ఆ కార్తీకమాసంలోనే నాయనమ్మ పోయింది. ఇంట్లో చావు జరిగితే రెడ్‌క్రాస్ ద్వారా పై అధికారికి సందేశం వస్తుంది, దాని మీద అత్యవసర సెలవు ఇస్తారు. ఆ జాబితాలో తల్లి, తండ్రి, భార్య, పిల్లలు, తోబుట్టువులు ఉన్నారు. నాయనమ్మ లేదు. పెంచిన మనిషి అయితే తల్లితో సమానంగా లెక్కలోకి తీసుకోవచ్చు, దానికి కాగితాలు కావాలి. నాయనమ్మ నన్ను పెంచిందని గుంటూరులో ఏ ఆఫీసు కాగితం ఇస్తుంది? పోనీ సెలవిచ్చినా ఇండియా వీసా లేదు, పాస్‌పోర్టు టెక్సాస్‌లో పెట్టెలో ఉంది. కాందహార్ నుంచి ఢిల్లీ వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, అంతే. పదకొండో రోజు నాన్న ఫోన్ పట్టుకుని నిలబడితే మంత్రాలు విన్నాను. ఆ తరవాత కొద్ది రోజులకే సరిహద్దులో నాటో దాడిలో పాకిస్తాన్ సైనికులు 24 మంది చనిపోవడం, పాకిస్తాన్ దారి మూసేయడం జరిగాయి. జింగిల్ లారీలు చమన్ దగ్గర ఆగిపోయాయి. ఆ పెద్దాయన్ని నేను మళ్లీ చూడలేదు.

2012 వేసవిలో మొదటిసారి ఇంటికొచ్చాను. నా స్నేహితులకి వీసా వారంలోపు వచ్చేసింది. నాకు కొన్ని వారాలు పట్టింది. శంషాబాద్‌లో దిగి విదేశీయుల వరుసలో నిలబడ్డాను. కౌంటర్లో కూర్చున్నాయన పాస్‌పోర్టు చూసి, నన్ను చూసి, "తెలుగు వచ్చా?" అన్నాడు. గుంటూరండీ అన్నాను. "మరి ఇటెందుకు నిలబడ్డారు?" అని, మళ్లీ పాస్‌పోర్టు చూసి తనే నాలిక్కరుచుకున్నాడు.

2013 ఆగస్టులో నాలుగేళ్లు పూర్తయి బయటికొచ్చాను. అయితే ఒప్పందం మొత్తం ఎనిమిదేళ్లది, మిగతా నాలుగేళ్లు పిలిస్తే వెళ్లాలి. పిలవలేదు. డల్లాస్‌లో సరుకు రవాణా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదురుకున్నాను. లారీ అనుభవం అక్కడ పనికొచ్చింది, ఎంఎస్ కూడా ఎట్టకేలకు పనికొచ్చింది. అప్పు తీరింది. చెవికి 10 శాతం వైకల్యం కింద నెలనెలా కొంత డబ్బు వస్తుంది. "చెవికి కూడా పెన్షనా?" అని అమ్మకి ఇప్పటికీ ఆశ్చర్యమే. పెళ్లి సంబంధాల ఊసు క్లుప్తంగా ముగిస్తాను: కంప్యూటర్ అని చెప్పినవాళ్లు వచ్చారు, మిలిటరీ అని తెలిసి కొందరు వెళ్లిపోయారు, లారీ అని తెలిసి మిగతావాళ్లు వెళ్లిపోయారు. తెనాలి అమ్మాయి ఒక్కతే, "లైసెన్సు ఉన్నట్టేగా" అంది.

ఓసీఐ కార్డు సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఇండియా పౌరసత్వం వదిలేసిన మనవాళ్లు మామూలుగా తీసుకునేది అదే, ఉంటే వీసా గొడవ ఉండదు. నేనూ తీసుకుందామని నిబంధనలు చదివితే, విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లు గానీ, పనిచేసి రిటైరైనవాళ్లు గానీ అర్హులు కారని ఉంది. ఒక్క లైను. మా ఇంట్లో ఇప్పుడు నలుగురం. మా ఆవిడకీ పిల్లలిద్దరికీ ఓసీఐ ఉంది. బ్రాడీపేటలో పుట్టి పెరిగిన నాకు వీసా. చేరే రోజున ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే మానేసేవాణ్ణా? మానేసేవాణ్ణి కాదు, 90 రోజుల్లో అప్పటికి 71 అయిపోయాయి. కానీ తెలిసి చేరేవాణ్ణి. పిల్లలకి నేను చెప్పేది అదొక్కటే, సంతకం పెట్టేముందు రెండు దేశాల నిబంధనలూ చదవండి అని.

మా వీధిలో ఒక రిటైర్డ్ సుబేదారు ఉన్నాడు. బాబాయ్ అంటాను. 1987లో శాంతిసేనతో శ్రీలంక వెళ్లి, 1990లో తిరిగొచ్చాడు. నేను వచ్చిన కొత్తలో వీధిలోవాళ్లు నన్నూ ఆయన్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఇద్దరూ మిలిటరీయే అని ఫొటో తీయబోతే లేచి వెళ్లిపోయాడు. నాకు బాధేసింది. తరవాత ఒకరోజు ఓసీఐ రూలు గురించి చెప్పి గొణిగితే, "మంచి రూలే. నన్నడిగినా అట్టాగే రాస్తా" అన్నాడు. "ఇంకోళ్ల తుపాకీ పట్టినోడికి మన తలుపు తాళం ఇస్తామా?" అని, మళ్లీ తనే, "కాఫీ తాగుతావా?" అన్నాడు.

2018లో వచ్చినప్పుడు ఊరంతా అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ కోసం తవ్వి ఉంది. ఎక్కడ చూసినా కొత్తగా పూడ్చిన మట్టి. దీపావళి టపాకాయలకి నేను ఉలిక్కిపడతానేమోనని ఇంట్లోవాళ్లు జాగ్రత్తలు తీసుకునేవాళ్లు గానీ నాకు టపాకాయలతో ఏ ఇబ్బందీ లేదు. నా ఇబ్బంది మట్టితో. రోడ్డు మధ్యలో కొత్తగా తవ్వి మూసిన మట్టి కనపడితే కాళ్లు వాటంతటవే పక్కకి వెళ్లిపోతాయి. ఒకరోజు పొద్దున్నే బాబాయ్‌తో నడకకి వెళ్లాను. అడ్డరోడ్డు మొదట్లో పూడ్చిన గొయ్యి ఒకటి ఉంది. నేను కుడివైపు నుంచి చుట్టి వెళ్లాను. చూస్తే ఆయన ఎడమవైపు నుంచి చుట్టి వస్తున్నాడు. మిగతా జనం దాని మీద నుంచే పోతున్నారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "జాఫ్నాలో రోడ్లన్నీ ఇంతే" అన్నాడు. ఆ తరవాత మేం నడిచే దారి మార్చాం, తారు చెక్కుచెదరని లైన్లలోనే తిరిగేవాళ్లం. అట్లాంటివి ఆ ఏడాది రెండో మూడో ఉండేవి.

2021 ఆగస్టులో కాందహార్ మళ్లీ తాలిబాన్ చేతికి పోయింది. పదిహేనో తేదీన కాబూల్ కూడా. నేను డల్లాస్‌లో ఉన్నాను. అమ్మ ఫోన్ చేసి, "నువ్వున్న ఊరు పోయిందంటగా. మరి మీరు వెళ్లిందెందుకు?" అంది. సిగ్నల్ సరిగ్గా లేదన్నాను.

ఈసారి అమ్మ మోకాళ్ల ఆపరేషన్ కోసం వచ్చాను. నాలుగు నెలలనుకున్నది రెండో మోకాలు కూడా కలిసి సాగింది. 180 రోజులు దాటి ఉండాలంటే విదేశీయులు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఇప్పుడదంతా ఆన్‌లైన్. పాస్‌పోర్టు, వీసా, ఫొటో, ఉంటున్న చోటికి రుజువు. విదేశీయుడికి ఆశ్రయం ఇచ్చినవాళ్లు కూడా ఒక ఫారం నింపాలి. ఆశ్రయం ఇచ్చినవాడు మా నాన్న. కరెంటు బిల్లు ఆయన పేరు మీదే ఉంది. కళ్లజోడు పెట్టుకుని నా పేరు, నా జాతీయత, ఎక్కణ్ణుంచి వచ్చానో ఒక్కొక్కటే నన్నడిగి రాసుకున్నాడు, టిక్కీల లెక్క రాసినంత శ్రద్ధగా.

కొన్ని రోజులకి విచారణకని ఒక కానిస్టేబుల్ వచ్చాడు. కుర్రాడే. ఫైలు తీసి, "ఇక్కడ ఫారినర్ ఒకాయన ఉంటున్నారటండీ" అన్నాడు. నేనే తలుపు తీశాను, లుంగీలో. అమ్మ వాకర్ పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. "ఈయన మీకేమవుతారమ్మా?" అని అడిగాడు, కాగితంలో గడి ఉంది కాబట్టి. అమ్మకి కోపం వచ్చింది. "ఆ ముక్కు చూస్తే తెలవట్లా?" అంది. అతను రాసుకున్నాడు, ఏం రాశాడో మరి. మంచినీళ్లు తాగి, గ్లాసు ఇస్తూ, మా తమ్ముడు కూడా ఎంఎస్‌కి వెళ్తానంటున్నాడు సార్, ఆ మిలిటరీ స్కీము ఇప్పుడుందా అని అడిగాడు. 2016లోనే ఆపేశారని చెప్పాను. ఫైలు మూసి చెప్పులేసుకున్నాడు. "పోనీలెండి, వాడికి హిందీ కూడా రాదు" అన్నాడు.